ఓడ చేస్తే ఏమొస్తుంది?

ఈ ప్రశ్న పండక్కి మా ఇంటికొచ్చిన చుట్టాల్లో నలుగురు అడిగారు. భోగి నాడు మా ఆడపడుచు, సంక్రాంతి నాడు మా బాబాయి, కనుమ నాడు గారెలు తింటూ మా తోడికోడలు, మధ్యలో వీలు చిక్కినప్పుడల్లా మా అత్తయ్య. "అది కాదే, ఆ ఓడ చేస్తే ఏమొస్తుందంట?" అని. నలుగురికీ నవ్వి ఊరుకున్నాను. పొయ్యి మీద మూకుడు పెట్టుకుని జవాబులు చెప్పే తీరిక ఎవరికుంటుంది? ఇప్పుడు చుట్టాలు వెళ్ళిపోయారు, అరిసెల డబ్బా అడుగంటింది, తీరిగ్గా కూర్చుని చెప్తున్నాను. కొంచెం ఘాటుగానే ఉంటుంది. మాది మిరపకాయల ఊరు మరి.

ముందు అసలు సంగతి చెప్పాలి. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. చిన్నప్పుడు శింగరకొండ తిరణాళ్ళలో దీపం పెడితే నీళ్ళ తొట్టిలో టపటపా తిరిగే రేకు పడవ కొనిచ్చాం. ఆ పిచ్చి అక్కడ మొదలైంది. పదో తరగతి పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో ఏకంగా ఒక యుద్ధనౌక మొదలుపెట్టింది. 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అని బ్రిటిష్ వాళ్ళది, 1941లో నడిచి 1941లోనే మునిగిపోయింది. అసలు ఓడ పొడవు 227 మీటర్లు. మా పిల్ల దాన్ని 350వ వంతుకి కుదించి చేస్తోంది. అంటే పొడవు 65 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, వెడల్పు 9 సెంటీమీటర్లు. జపాన్ కంపెనీ టమియా ఇదే ఓడని ఇదే కొలతలో ప్లాస్టిక్ కిట్‌గా అమ్ముతుంది. దాని ధర చూసి తండ్రీకూతుళ్ళిద్దరూ ఫోను పక్కన పెట్టేశారు. అందుకని సొంతంగా చెయ్యడం మొదలైంది.

దేంతో చేసిందో తెలుసా? శుభలేఖలతో. ఇరవై ఏళ్ళుగా మా ఇంటికొచ్చిన పెళ్ళిపిలుపులన్నీ నేను దాచిపెడతాను. మందంగా, గట్టిగా ఉంటాయి కదా. ఓడ గీతలు నెట్‌లో చూసి, జిరాక్స్ షాపులో కొలతకి తగ్గించి తీయించుకుంది. సొరకాయని అడ్డంగా చక్రాలు కోస్తే మధ్యలో పెద్దవి, చివర చిన్నవి వస్తాయి చూడండి, ఓడని కూడా కాగితం మీద అట్లానే కోసి చూపిస్తారు. ఆ చక్రాలన్నీ శుభలేఖల్లోంచి కత్తిరించి, వెన్నెముకలాంటి ఒక పొడుగు ముక్కకి వరసగా గుచ్చి, పైన సన్నటి పట్టీలు అతికిస్తూ పోయింది. ఫిరంగి గొట్టాలకి అగరుబత్తి పుల్లలు. అసలు గొట్టం 16 మీటర్లు, మా ఇంట్లో అది నాలుగున్నర సెంటీమీటర్లు. మొదట్లో లావు, చివర సన్నం రావాలని పుల్లకి కాగితం చుట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ చుట్టి. అట్లాంటివి పది.

ఆ పది ఫిరంగులూ ముందు నాలుగు, వాటి వెనక కాస్త ఎత్తులో రెండు, ఓడ వెనక భాగంలో నాలుగు ఉంటాయి. మా పిల్ల ముందున్న రెండు గోపురాలకీ నాలుగేసి పెట్టేసింది. తర్వాత చూసుకుంటే తప్పు. మొదట డిజైన్లో రెండో దానికీ నాలుగే అనుకున్నారట, బరువు సర్దుకోడానికి రెండుకి తగ్గించారట. పిల్ల పది రోజుల పనిని ఊడబీకింది. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఎవరు చూస్తారే అంత చిన్నది, ఉంచెయ్" అన్నాను. "నువ్వు ముగ్గులో ఒక్క చుక్క తప్పితే మొత్తం చెరిపి మళ్ళీ పెడతావుగా అమ్మా, అది ఎవరు చూస్తారని?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత నవంబరులో కాలేజీ నుంచి ఫోనొచ్చింది. వారం పరీక్షల్లో ర్యాంకు పడిపోయిందట. "ఇంట్లో ఏవన్నా డిస్ట్రాక్షన్స్ ఉన్నాయా మేడమ్?" అని అడిగారు. నేనే నోరుజారి ఓడ సంగతి చెప్పాను. "అవి మాన్పించండి, లేకపోతే హాస్టల్లో వెయ్యండి" అన్నారు. ఆ రాత్రి నేనే ఓడని పాత చీరలో చుట్టి అటక ఎక్కించాను. పిల్ల ఏడవలేదు, గొడవ పడలేదు. గొడవ పడితే బాగుండేది. అప్పటినుంచీ చదువు అయిపోగానే ఫోను పట్టుకుని పడుకుంటోంది. ర్యాంకు ఒక వారం పైకి, ఒక వారం కిందకి. ఓడ ఉన్నప్పుడూ అంతే, లేనప్పుడూ అంతే. ఇప్పుడు మాత్రం ఇంట్లో ఏదో ఆరిపోయినట్టుంది.

ఈ ఏడాది చివర హాస్టల్లో వెయ్యాలా వద్దా అని మా ఇంట్లో తేలాల్సి ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నలుగురి మాటలకీ ఒక్కొక్కటిగా జవాబు చెప్తాను.

ముందు మా తోడికోడలి మాట. "ఆడపిల్లకి యుద్ధనౌకలేందక్కా? ఫ్యాబ్రిక్ పెయింటింగో, ఎంబ్రాయిడరీయో నేర్పిస్తే చీరల మీదన్నా వేసుకుంటది" అంది. సంక్రాంతి నాడు ఇదే తోడికోడలూ నేనూ కలిసి 21 చుక్కల ముగ్గు పెట్టాం. తెల్లారుజామున నాలుగింటికి లేచి మూడు గంటలు. రంగులద్దాం, ఫొటోలు తీశాం, స్టేటస్‌లో పెట్టాం. పది గంటలకల్లా ట్రాక్టరు దాని మీంచి వెళ్ళింది. ముగ్గు పెడితే ఏమొస్తుందని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. అడగరు. ఎందుకంటే అది ఇంటి ముందు ఉంటుంది, ఇంటికి అందం, కోడలికి పేరు. ఆడవాళ్ళు చేసే పని ఇంటికి ఉపయోగపడితే కళ, తనకోసం చేసుకుంటే పిచ్చి. పైగా ముగ్గులో లెక్క లేదా? సరిచుక్క, సందుచుక్క తప్పితే గీత కలుస్తుందా? కొలత మగవాళ్ళ సొత్తు అన్నదెవరు? కిలో మామిడికాయ ముక్కలకి ఎంత కారం, ఎంత ఉప్పు అన్నది తప్పితే ఏడాది పచ్చడి బూజుపడుతుంది. ఆ లెక్క ఈ ఇంట్లో ఆడవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.

'యుద్ధం' అన్న మాట పట్టుకుని మా ఆడపడుచు కూడా బాధపడింది. ఆడపిల్ల మనసు రాయైపోతుందట. ఆవిడకి ఒక సంగతి చెప్తాను. ఓడ మీద మనుషుల్ని కూడా పెట్టాలా అని ఒకసారి పిల్ల లెక్కలు వేసింది. 350వ వంతుకి మనిషి అయిదు మిల్లీమీటర్లు కూడా ఉండడు, ఒక బియ్యపు గింజ. 1941 డిసెంబరు 10న మలయా తీరంలో జపాన్ విమానాలు ఈ ఓడనీ, పక్కనున్న 'రిపల్స్'నీ ముంచేశాయి. రెండింట్లో కలిపి 800 మందికి పైగా పోయారు. మా పిల్ల వంటింట్లోకొచ్చి గిన్నెలో ఎనిమిది వందల గింజలు లెక్కపెట్టి పోసింది. గిన్నె అడుగు కూడా సరిగ్గా కప్పలేదు. చాలాసేపు అట్లానే చూసి, "ఇంతమందేనా అనిపిస్తోందమ్మా, ఒక్కొక్కళ్ళకీ ఒక అమ్మ ఉంటుందిగా" అంది. ఆ గింజల్ని మళ్ళీ బియ్యం డబ్బాలో పొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, పిట్టలకి వేశాను. రాయైన మనసు ఇట్లా ఉంటుందా వదినా? రోజూ రాత్రి సీరియల్లో కోడలికి విషం పెట్టే అత్తని చూస్తూ అన్నం తినేది మనం. రాయైపోయింది ఎవరు?

ఇక మా బాబాయి మాట. ఇది మిగతావాటికన్నా బరువైంది, అందుకని గౌరవంగా జవాబు చెప్తాను. "చీరాల పేరాల ఉద్యమం జరిగిన గడ్డమ్మా ఇది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళు వదిలి పాకల్లో ఉన్నారు. ఆ తెల్లోడి ఓడని ముచ్చటపడి ఇంట్లో పెట్టుకుంటారా?" అన్నాడు.

నిజమే బాబాయి. కానీ ముచ్చటపడి పెట్టుకోవడం వేరు, కొలిచి చెయ్యడం వేరు. కొలిచి చెయ్యాలంటే ముందు ఏ నెలలో ఉన్న ఓడని చేస్తున్నామో తేల్చుకోవాలి. నెలని బట్టి రంగు మారుతుంది, విమానాల్ని కొట్టే చిన్న ఫిరంగుల లెక్క మారుతుంది. ఆ నెల వెతుకుతూ మా పిల్ల ఏం కనుక్కుందో చెప్పనా? 1941 ఆగస్టులో చర్చిల్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని కలవడానికి న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళింది ఈ ఓడ మీదే. ఏ దేశ ప్రజలు తమ ప్రభుత్వాన్ని తామే ఎన్నుకునే హక్కు గురించి అట్లాంటిక్ ఛార్టర్‌లో చెప్పింది అప్పుడే. మరుసటి నెలలో అదే చర్చిల్ తమ పార్లమెంటులో నిలబడి, ఆ మాట నాజీల కింద ఉన్న యూరప్ దేశాల గురించి అన్నదని, ఇండియాలాంటి చోట్ల సంగతి వేరని తేల్చేశాడు. నేను బీఏలో అట్లాంటిక్ ఛార్టర్‌ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టాను. మా పిల్లకి అది ఓడ డెక్కు మీద, శుభలేఖ ముక్కల మధ్య కనిపించింది. తెల్లవాడి అబద్ధం ఎవరికి బాగా అర్థమైంది, నాకా, దానికా?

ఇంకొకటి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ వారం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. అప్పుడు బ్రిటిష్ తూర్పు నౌకాదళంలో 'వార్‌స్పైట్'తో కలిపి అయిదు యుద్ధనౌకలు హిందూ మహాసముద్రంలోనే ఉన్నాయి. ఒక్కటీ మన తీరానికి అడ్డం నిలబడలేదు. మన పన్నులు తిన్న రాజ్యం మనకి కాపలా కాసిన తీరు అది. ఇది కూడా ఓడ చేస్తూనే తెలుసుకుంది పిల్ల. భయపెట్టిన వస్తువుని దూరం నుంచి తిట్టడం తేలిక. దగ్గర కూర్చుని ముక్క ముక్కా విప్పి చూస్తే భయమూ పోతుంది, మోజూ పోతుంది.

"మన ఓడలు చెయ్యొచ్చుగా?" అని కూడా అన్నాడు బాబాయి. చెయ్యాలనే ఉంది. మా అద్దంకి రెడ్డి రాజుల రాజధాని. మోటుపల్లి రేవు మాకు ఎంత దూరం? కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు, ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన వర్తకుల సరుకు దోచుకోమని మాటిచ్చాడు. శాతవాహనుల యజ్ఞశ్రీ నాణెం మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. శాసనంలో పన్ను లెక్కలున్నాయి, ఓడ కొలతలు లేవు. నాణెం మీది ఓడ గోరంత. దాన్నించి పొడవెంత, వెడల్పెంత, వెన్ను ఎట్లా వంగింది అని తీయడం కుదరదు. వాళ్ళకేమో గ్రీనిచ్ మ్యూజియంలో లెక్కలేనన్ని ఓడల ప్లాన్లు భద్రంగా ఉన్నాయి. బొంబాయిలో వాడియాల చేతుల మీదుగా టేకుతో కట్టించి 1817లో నీళ్ళలోకి దింపిన 'ట్రింకోమలీ' అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో నీళ్ళ మీదే ఉంది. కట్టింది మన చేతులు, దాచింది వాళ్ళు. మోటుపల్లిలో ఓడ కట్టిన వడ్రంగి కొడుకు దాని కొలతలు తాటాకు మీద గీసుకుంటానంటే, "గీస్తే ఏమొస్తుందిరా?" అని ఎవరో ఒక బాబాయి అనే ఉంటాడు.

ఇక్కడికి అసలు ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఏమొస్తుంది?

నేను తలుచుకుంటే దీనికి తేలిగ్గా గెలిచే జవాబు చెప్పగలను. ఎన్‌సీసీ నేవీ విభాగంలో ఓడ నమూనాలు చెయ్యడం ఒక పోటీ, దేశం మొత్తం మీద క్యాడెట్లు పాల్గొంటారు. విశాఖలో నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్‌లో పొడుగాటి నీళ్ళ తొట్టి ఉంది, పెద్ద ఓడ కట్టేముందు ఇట్లాంటి నమూనాని అందులో లాగి పరీక్షిస్తారు. ఓడల డిజైనింగ్ అని ఇంజనీరింగులో ఒక చదువే ఉంది. ఇవన్నీ చెప్తే మా అత్తయ్య కూడా "అట్టా చెప్పు మరి, ఉద్యోగమొస్తదన్నమాట" అని ఊరుకుంటుంది.

కానీ ఆ జవాబు నేను చెప్పను. చెప్తే ఆ ప్రశ్నని ఒప్పుకున్నట్టే. రేపు పిల్ల ఓడల ఇంజనీరు కాకుండా బ్యాంకులో చేరితే ఈ ఓడ మళ్ళీ దండగ అయిపోతుంది. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు, దాని దెబ్బ తిన్నదాన్ని.

నేను ఒంగోలులో బీఏ తెలుగు చదివాను. మా ఊరి పేరుతోనే ఒక శాసనం ఉంది, పండరంగడి అద్దంకి శాసనం, క్రీ.శ. 848. నన్నయకి రెండొందల ఏళ్ళ ముందే రాతి మీద తెలుగు పద్యం, తరువోజ. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మేడమ్ బోర్డు మీద గణాలు విడగొట్టి చూపించిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది. మా ఊరి రాయి, అంత లెక్కగా! ఎమ్మే చదివి శాసనాల మీద పని చేస్తానని ఇంటికొచ్చి చెప్పాను. మా నాన్న చెడ్డవాడు కాదు, కోపంగా కూడా అనలేదు. "ఆ రాళ్ళు చదివితే ఏమొస్తుందమ్మా?" అన్నాడంతే. ఆ ఎండాకాలమే నా పెళ్ళయింది.

నా పెళ్ళి మీద నాకు ఫిర్యాదు లేదు. మావారు మంచివారు. కానీ ఆ ప్రశ్నకి అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను, ఇరవై ఏళ్ళుగా నోట్లో మిగిలిపోయింది. నవంబరులో అదే ప్రశ్నని నేనే నా కూతురి మీద ప్రయోగించి ఓడని అటకెక్కించాను. మా నాన్న చేసిన పనే చేశాను. ఆయన కనీసం మెత్తగా అడిగాడు, నేను అడక్కుండానే మూట కట్టాను.

ఇప్పుడు సమాధానం చెప్తాను వినండి. ఓడ చేస్తే ఓడ వస్తుంది. అంతే. ముగ్గు పెడితే ముగ్గు వచ్చినట్టు, పద్యం రాస్తే పద్యం వచ్చినట్టు. దాంతోపాటు ఇంకొకటి వస్తుంది. 'సుమారుగా' అన్నది చాలదని ఒక మనిషికి తెలిసొస్తుంది. మావారిది పురుగుమందుల కొట్టు. ఎకరానికి ఇన్ని మిల్లీలీటర్లు అని ఆయన చెప్తే, "కాస్త ఎక్కువ కొడితే ఏం పోయింది" అని డబ్బా గుమ్మరించే రైతుల్ని చూసి ఆయన తల పట్టుకుంటారు. పత్తి పోయేదీ, అప్పు మిగిలేదీ ఆ 'కాస్త' దగ్గరే కదా. ఒప్పుకునే ధైర్యం, ఊడబీకి మళ్ళీ చేసే ఓపిక వారం పరీక్షలో నేర్పించరు. అక్కడ తప్పుకి ఒక మార్కు కోసి తర్వాతి ప్రశ్నకి పొమ్మంటారు.

చదువు వద్దని నేను అనట్లేదు, పొరపాటు పడకండి. పరీక్షల వారం ఓడ ముట్టుకోకూడదు. బ్లేడు వాడితే పక్కన నేనుండాలి. బంక వాసనకి కిటికీ తెరవాలి. రాత్రి పది దాటితే లైటు ఆర్పాలి. ఇవి పెట్టే హక్కు తల్లిగా నాకుంది. ఏది దండగో పిల్ల తరఫున తేల్చేసే హక్కు మాత్రం నాకు లేదు, కాలేజీ వాళ్ళకి అసలు లేదు.

నిన్న మధ్యాహ్నం స్టూలేసుకుని అటక ఎక్కాను. చీర విప్పి చూస్తే ముందు స్తంభం విరిగిపోయి ఉంది, రెండు ఫిరంగులు ఊడాయి. నేను కుక్కి పెట్టడం వల్లే. నా కుట్టుమిషన్ పక్కకి జరిపి ఆ బల్ల మీద పెట్టాను. సాయంత్రం పిల్ల కాలేజీ బస్సు దిగి వచ్చి, బ్యాగు భుజానే ఉంచుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "స్తంభం ఎవరు విరిచారు?" అంది. "నేనే" అన్నాను. ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి, "అమ్మా, సన్నటి సూది ఉందా?" అని అడిగింది.

హాస్టల్ సంగతి ఆదివారం మాట్లాడుకుందాం అన్నారు మావారు. నా మాట నేను ఇక్కడే చెప్పేశాను, ఆయన కూడా ఇది చదువుతారు.

మీకు చెప్పేది ఒకటే. మీ ఇంటి అటక మీద కూడా ఏదో ఒకటి ఉంటుంది. పిల్లలదో, మీదో. వీణో, రాసి ఆపేసిన నోట్‌బుక్కో, సగం అల్లిన స్వెట్టరో. ఈ వారం ఒకసారి దించి దుమ్ము దులపండి. ఎవరన్నా "ఏమొస్తుంది?" అని అడిగితే నవ్వి ఊరుకోకండి. నేను నాలుగుసార్లు ఊరుకున్నాను, చాలు.